మా విచారణ గుడి కొలతల డైరీ: ముఖద్వారం మీది 1911

ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి రాగానే తగిలే ఊళ్ళలో మాది ఒకటి. ఇక్కడి కతోలిక విచారణ (ఒక గురువు చూసుకునే సంఘం, పారిష్) గుడికి ప్లాను కాగితం అంటూ ఏదీ లేదు. ఉన్న ఆధారమల్లా ముఖద్వారం పైన గచ్చులో ఎత్తుగా పోసిన 1911 అనే అంకెలు. జూబిలీ సంచికలో వేయడానికి ఒక ప్లాను, ఒక పేజీ చరిత్ర కావాలని విచారణ గురువులు అడిగారు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడు చేసినవాణ్ణి కాబట్టి పని నా మీద పడింది. సరిహద్దుకు ఈవల, ఆవల ఇలాంటి పాత గుళ్ళు చాలా ఉన్నాయి. ఎవరైనా తమ ఊళ్ళో చేసుకోవాలనుకుంటే పనికొస్తుందని ఏది పారింది, ఏది పారలేదు అన్నది వరుసగా రాస్తున్నాను.

దశ 1: నేల ప్లాను

ముందు చేసిన పద్ధతి: ఒక్కో కిటికీ మధ్య దూరం విడిగా కొలిచి, అన్నీ కూడడం. కూడిన మొత్తానికీ, ఈ చివర నుంచి ఆ చివరకు నేరుగా కొలిచినదానికీ 9 సెం.మీ. తేడా వచ్చింది. ప్రతి కొలతలో అర సెంటీమీటరు పోయినా చివరికి అంతా ఒకచోటే తేలుతుంది. ఫైబర్ టేపు గాలిలో వేలాడితే ఇంకో మూడు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తోంది. మార్చిన పద్ధతి ఇది:

1. బెంచీలు ఒక పక్కకు జరిపి టేపు నేల మీదే పరవాలి.
2. సున్నా ఒకటే. పీఠం వెనక గోడ దగ్గర సున్నా పెట్టి, టేపు కదపకుండా కిటికీలు, తలుపులు, కమాను అంచులు వరుసగా చదువుకుంటూ పోవాలి.
3. ప్రతి గదికీ రెండు కర్ణాలూ కొలవాలి. ఇది వదిలేస్తే మిగిలినదంతా దండగ.
4. ఒకరు చదవాలి, ఒకరు పైకి తిరిగి చెప్పి రాయాలి. పీఠబాలురు, అంటే పూజలో గురువుకు సాయం చేసే పిల్లలు, ఈ పనికి భలే పనికొచ్చారు.

గుడి రెండు భాగాలు. వెనక పీఠం ఉన్న భాగం, ముందు జనం కూర్చునే భాగం. మధ్యలో పెద్ద కమాను ఉన్న అడ్డగోడ. లోపలి కొలతలు:

పీఠభాగం: 9.14 × 7.32 మీ. (30 × 24 అడుగులు)
జనభాగం: 12.19 × 7.62 మీ. (40 × 25 అడుగులు)
కమాను గోడ మందం: 76 సెం.మీ.

మీటర్లలో చిల్లరగా ఉన్నవి అడుగుల్లోకి మార్చగానే నిండు అంకెలయ్యాయి. మీ దగ్గరా ఇలా జరిగితే కట్టినవాళ్ళ కొలబద్ద దొరికినట్టే. ఇక అక్కణ్ణుంచి పని సులువు.

నన్ను ఆపింది వెడల్పు. రెండు భాగాలూ కలిసేచోట బయట గోడ ఒకే వరుసలో ఉంది. లోపల మాత్రం ముందు భాగం ఒక అడుగు వెడల్పు ఎక్కువ. కిటికీ దగ్గర గోడ మందం చూస్తే పీఠభాగంలో 76 సెం.మీ., జనభాగంలో 61. అంటే అటు అర అడుగు, ఇటు అర అడుగు గోడే పలచబడింది. ఒకేసారి కట్టిన గుడికి గోడ మందం మధ్యలో మారదు.

కర్ణాల్లో ఇంకొకటి బయటపడింది. పీఠభాగంలో 11.71, 11.68 మీ. దాదాపు సమానం, మూలమట్టం చక్కగా పట్టారు. జనభాగంలో 14.47, 14.28. లెక్క వేస్తే పక్కగోడలు సుమారు 0.8 డిగ్రీలు తిరిగి, ముందుకు వచ్చేసరికి 18 సెం.మీ. ఉత్తరానికి జరిగాయి.

దిక్కు పట్టడానికి ఫోన్‌లో దిక్సూచి పెడితే నిలుచున్నచోటల్లా ఒక్కో అంకె చెప్పింది. కిటికీ ఊచలు, పైన రేకులు, అంతా ఇనుమే. చివరకు ఆవరణలో కర్ర పాతి దిక్సాధన చేశాం. కర్ర చుట్టూ వృత్తం గీసి, పొద్దున నీడ కొస వృత్తాన్ని తాకిన చోటు, మధ్యాహ్నం దాటాక మళ్ళీ తాకిన చోటు గుర్తు పెట్టి, రెండూ కలిపితే పడమర–తూర్పు గీత. మన వాస్తు మేస్త్రీలు శంకువుతో చేసేది ఇదే. పీఠం తూర్పున ఉండడం పాత ఆనవాయితీ. మా గుడికి తూర్పున ద్వారం, పడమట పీఠం. రోడ్డు తూర్పున ఉంది, బహుశా అదే కారణం.

ఖర్చు: టేపు 450, దారం, సుద్ద, పుస్తకం 120. మొత్తం 570 రూపాయలు.

దశ 2: ఎత్తులు

అరువు తెచ్చిన లేజర్ మీటరు లోపల బాగానే పనిచేసింది. బయట ఎండలో ఎర్రచుక్క ఎక్కడ పడిందో కనిపించక గంట గోపురం కొలవలేకపోయాం. నీడ పద్ధతి కూడా కుదరలేదు, గోపురం నీడ సగం పక్కింటి గోడ ఎక్కేస్తుంది. గంట ఉన్న అర నుంచి టేపు చివర తూకం గుండు కట్టి దించితే వచ్చింది: గడప నుంచి 9.48 మీ. దాని పైభాగానికి ఫొటో తీసి ఇటుక వరుసలు లెక్కపెట్టాం.

నేల మట్టానికి లెవెల్ పైపే నమ్మకం. పైపులో గాలిబుడగ ఒక్కటి మిగిలినా రెండు సెంటీమీటర్ల తేడా చూపిస్తుంది. నీళ్ళలో కొంచెం నీలిమందు కలిపితే బుడగ తెలిసిపోతుంది.

కమానుల దగ్గర ఆగి చూడాల్సి వచ్చింది. పీఠభాగం కమాను వెడల్పు 4.27 మీ., లేచిన ఎత్తు 2.13. కచ్చితంగా సగం, అంటే అర్ధచక్రం. పీఠభాగం కిటికీలూ అలాగే గుండ్రటి నెత్తివి. జనభాగం కిటికీలు మాత్రం మొనదేలినవి. వెడల్పు 1.07 మీ., లేచిన ఎత్తు 93 సెం.మీ. ఈ రెంటి నిష్పత్తి 0.87 దగ్గర ఉంటే మేస్త్రీ కమాను వెడల్పంత తాడు తీసుకుని, రెండు చివరల నుంచీ చెరో చాపం గీశాడని అర్థం. గోతిక్ కమానుల్లో అన్నిటికన్నా తేలిగ్గా గీసేది ఇదే. మా పాతవాళ్ళు మొనకిటికీల్నే గొప్పగా చెప్పుకుంటారు కానీ, నాకు మాత్రం వెనకనున్న గుండ్రటి కమానే చూడ ముచ్చటేస్తుంది.

ఖర్చు: పైపు 180, తూకం గుండు 150. ఇప్పటిదాకా 900.

దశ 3: ఉత్తర గోడ చీలిక

కమాను గోడకు సరిగ్గా ఎదురుగా, బయట ఉత్తర గోడలో నిలువునా ఒక సన్న చీలిక ఉంది. సున్నం వేసినప్పుడల్లా పోతుంది, వేసవి రాగానే మళ్ళీ తేలుతుంది. పునాది కుంగిందని, స్తంభాలు వేసి పట్టుకోవాలని ఎవరో చెప్పి వెళ్ళారట. ఆ మాటతో విచారణలో అందరికీ టెన్షన్. మేం చేసింది:

1. చీలిక మీద అడ్డంగా మూడు ఎత్తుల్లో సన్న గాజు ముక్కలు, రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించాం. పక్కనే తేదీ.
2. గోడ ఏమాత్రం కదిలినా గాజు విరుగుతుంది. వర్షాకాలం మొత్తం గడిచినా మూడూ విరగలేదు.
3. రాత్రి దీపాలార్పి, టార్చి గోడకు ఆనించి పక్కవాటుగా వేశాం. పగలు సమంగా కనిపించే గోడ మీద చీలికకు అటు ప్లాస్టరు నున్నగా, ఇటు అలలు అలలుగా కనిపించింది. రెండు చేతుల పని.

మేస్త్రీ చీలిక మీద వేలు పెట్టి కింది నుంచి పైదాకా నడిపించి, "బాబూ, కుంగితే పైన వెడల్పై కింద సన్నమవ్వాలి, లేదంటే మెట్లు మెట్లుగా పోవాలి. ఇది నూలు పట్టినట్టుంది. పాత గోడకి కొత్త గోడ ఆనించేశారు, పళ్ళు కలపలేదు" అన్నాడు. అంటే రెండు గోడల ఇటుకలూ ఒకదాన్లోకి ఒకటి చొచ్చుకునేలా కట్టలేదు.

అక్కడితో దశ 1లోని వంకర కూడా కొంత అర్థమైంది. కమాను గోడ నిజానికి పాత చిన్న గుడి ముందు గోడ. మందం ఇతర పాత గోడలంతే, 76. లోపల పూజలు ఆగకుండా బయట కొత్త భాగం కట్టి, చివర్లో ఈ గోడకు కమాను కొట్టి కలిపి ఉంటారు. గోడ అడ్డంగా నిలబడి ఉంటే పీఠం నుంచి ద్వారం దాకా ఒకే దారం లాగలేరు. 18 సెం.మీ. వంకర అలా వచ్చిందని నా ఊహ.

స్తంభాల ఖర్చు మాత్రం తప్పింది.

దశ 4: ఇటుక, సున్నం

ప్లాస్టరు ఊడిపోయి ఉన్న చోట్లే చూశాం, కొత్తగా ఎక్కడా కొట్టలేదు. వెనక భాగం ఇటుక 22 × 14 × 4 సెం.మీ., పలకలా ఉంటుంది. ముందు భాగంలో 23 × 11 × 7.

సున్నం అడుసు పరీక్ష ఇంట్లో చేసుకోవచ్చు:

1. రాలిన అడుసు ముక్కలు ఎండబెట్టి, నూరి, 100 గ్రాములు తూచాలి.
2. బకెట్లో నీళ్ళు పోసి, ఆ నీళ్ళలోకి బాత్‌రూం యాసిడ్ కొద్దికొద్దిగా కలపాలి. యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. ఆరుబయట, చేతులకు గ్లవుజులతో.
3. పొడి వేస్తే పొంగుతుంది. పొంగు ఆగేదాకా ఉంచి, వడకట్టి, కడిగి, ఎండబెట్టి మళ్ళీ తూచాలి. పోయింది సున్నం, మిగిలింది ఇసుక.

ముందు భాగం: మిగిలింది 71 గ్రా., తెల్ల ఇసుక. వెనక భాగం: మిగిలింది 58 గ్రా., అందులో ఎర్రగా సుర్కీ, అంటే ఇటుకపొడి. వెనక భాగంలో అంత సున్నం కలిపారా అని అనుమానమొచ్చి భూతద్దంతో చూస్తే అడుసులో కాలని గుల్ల ముక్కలు. ఈ తీరంలో అప్పట్లో గుల్లలు కాల్చే సున్నం తీసేవారు. కాలని గుల్ల కూడా యాసిడ్‌లో కరిగిపోయి లెక్కను పెంచేస్తుంది. జల్లెడ పట్టి గుల్లలు ఏరేసి మళ్ళీ చేస్తే మిగిలింది 66 గ్రా. సముద్రతీరం ఊళ్ళవాళ్ళు ఈ జల్లెడ దశ మానకూడదు.

ఖర్చు: యాసిడ్, గ్లవుజులు, జల్లెడ 260. ఇప్పటిదాకా 1160.

దశ 5: పైకప్పు

వెనక భాగం మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద సన్న ఇటుకలు అంచున నిలబెట్టి ఐమూలగా పేర్చి, పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు పోసి చెక్కలతో దంపిన పని. ఇప్పటికీ కారదు.

ముందు భాగం టేకు కత్తెరల (త్రికోణపు చట్రాల) మీద మంగళూరు పెంకులు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి పెంకులు లేచిపోయాయి. తర్వాత రేకులు వేశారు. వానొస్తే ప్రసంగం వినపడదు. 2018లో తిత్లీకి రేకులు నిలబడ్డాయి, కాబట్టి వాటిని తిట్టడానికి లేదు.

వంటగది వెనక పేర్చి ఉన్న పాత పెంకుల్లో ఒకదాని అడుగున బాసెల్ మిషన్ పేరు, 1865 ఉన్నాయి. గుడి 1865 నాటిదేనని ఊళ్ళో ఒక పుకారు కూడా బయలుదేరింది. అది ఆ మిషనరీ సంస్థ మంగళూరులో పెట్టిన పెంకుల కార్ఖానా మొదలైన ఏడాది, ఆ పెంకు కాల్చిన ఏడాది కాదు. ఆ ముద్ర మనకు పనికొచ్చేది ఇంకో రకంగా: మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ కార్ఖానాలు కామన్వెల్త్ ట్రస్ట్ చేతికి వెళ్ళాయి. బాసెల్ మిషన్ ముద్ర ఉందంటే పెంకు అంతకు ముందుదే అయ్యే అవకాశం ఎక్కువ. ముఖద్వారం మీది 1911కి ఇది సరిపోతుంది.

దశ 6: రిజిస్టర్లు

ఫాదర్ గారు పెట్టిన షరతు: పేర్లు రాసుకోకూడదు, ఫొటోలు తీయకూడదు. తేదీ, స్థలం గడులు మాత్రమే. న్యాయమైన షరతే, ఎవరి తాత ఎవరికి ఎప్పుడు పుట్టాడన్నది జూబిలీ సంచికకు అక్కర్లేదు.

జ్ఞానస్నానాల రిజిస్టరు లాటిన్‌లో ఉంటుంది. చదివేటప్పుడు దొర్లే రెండు చిక్కులు:

1. ఫ్రెంచి చేతిరాతలో 1 నెత్తి నుంచి పొడుగు గీత కిందికి దిగి మనకు 7లా కనిపిస్తుంది. అసలు 7కి నడుమ అడ్డగీత ఉంటుంది. అడ్డగీత లేకపోతే అది 1.
2. నెల గడిలో 7 పక్కన "బ్రిస్" అని ఉంటే జులై కాదు, సెప్టెంబరు. అలాగే 8 అక్టోబరు, 9 నవంబరు, రోమన్ పది డిసెంబరు.

ఈ రెండూ తెలిశాక వరుస కుదిరింది. 1893 దాకా స్థలం గడిలో "సచెల్లో", అంటే చిన్న ప్రార్థనాలయంలో. 1911 చివరి నుంచి "ఎక్లేసియా", అంటే గుడిలో. నడుమ ఏళ్ళ పుస్తకం చెదలు తినేసింది. దాంతో 1911 గుడి పుట్టిన ఏడాది కాదు, ముందు భాగం కలిపి పెద్దది చేసిన ఏడాది అని కొలతలు చెప్పినదే కాగితమూ చెప్పింది. వెనక భాగం 1893 నాటికే ఉంది.

మీ ఊరి పుస్తకం పోయిందా? ఏ కాలానిది ఎక్కడ అడగాలో తెలిస్తే తిరుగుడు తగ్గుతుంది. ఇప్పటి ఫ్రాన్స్‌లోని సావోయి ప్రాంతపు ఆన్సీ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. 1850లో అది అపోస్తలిక్ వికారియేట్ (మేత్రాసనానికి ముందు మెట్టు) అయింది, 1886లో మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింది మండలం. గంజాం వాళ్ళ కిందే ఉండేది. 1928లో కటక్ మిషన్ ఏర్పడి స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ సభ గురువుల చేతికి వచ్చింది. మా రిజిస్టర్లో చేతిరాత మారేది కూడా ఆ రోజుల్లోనే. 1974లో బరంపురం మేత్రాసనం, 2016లో రాయగడ. కాబట్టి 1928కి ముందుదైతే విశాఖ, 1974 దాకా కటక్, ఆ తర్వాత బరంపురం. కొరాపుట్, రాయగడ వైపువాళ్ళు 2016 తర్వాతవి రాయగడలో అడగాలి. ప్రభుత్వ సరిహద్దుతో దీన్ని కలపొద్దు. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చింది 1936 ఏప్రిల్ 1న, గుడి లెక్కలు అంతకు ఎనిమిదేళ్ళ ముందే మారాయి.

పీఠం దగ్గర తివాచీ ఎత్తితే ఎర్ర గచ్చులో, కమానుకు ముందు, ఒకే వరుసలో పూడ్చిన రంధ్రాలు కనిపించాయి. సత్ప్రసాదం మోకాళ్ళ మీద స్వీకరించే రోజుల నాటి చెక్క కటకటాలవి. రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాత గురువు జనం వైపు తిరిగి పూజ చేయడం మొదలయ్యాక బలిపీఠం గోడ నుంచి ముందుకు వచ్చింది, కటకటాలు పోయాయి. మా పెద్దమ్మ తివాచీ అంచున నిలబడి, "ఇదిగో, నేను ఈ మూల మోకరించేదాన్ని, చెక్క నున్నగా అరిగిపోయి ఉండేది" అని చూపించింది. ఆమె చూపించిన చోటే చివరి రంధ్రం. ప్లానులో చుక్కల గీతతో పెట్టాను.

దశ 7: గంట

రంగు పూసేశారు కాబట్టి అక్షరాలు చదవలేం. సన్న కాగితం పరిచి పెన్సిలు పడుకోబెట్టి రుద్దితే కొన్ని తేలాయి, లాటిన్. చుట్టుకొలత 195 సెం.మీ., వ్యాసం 62. మీటరు వ్యాసం గంట సుమారు 600 కిలోలు తూగుతుంది. బరువు వ్యాసం ఘనంతో మారుతుంది కాబట్టి మాది సుమారు 140 కిలోలు. వేలాడే దూలం చూసేవారికి ఈ అంకె కావాలి.

ఖర్చు: కాగితాలు 40. ఇప్పటిదాకా 1200.

దశ 8: సిమెంటు, చెమ్మ, మచ్చు ప్లాస్టరు

ప్లాను పనిలో ఇది లేదు. కానీ గోడలు కొలుస్తుంటే వదిలేయలేకపోయాం. కొన్నేళ్ళ క్రితం ఒక కాంట్రాక్టరు లోపలి గోడలకు 1.2 మీ. ఎత్తు దాకా సిమెంటు ప్లాస్టరు వేసి టైల్స్ అతికించాడు. ఇప్పుడు చెమ్మ గీత నేల నుంచి 1.9 మీ. దగ్గర ఉంది. సున్నం గోడ నేల నుంచి పీల్చిన తడిని ఒంటి నుంచే ఆరబెట్టుకుంటుంది. కింద సిమెంటు మూసేస్తే ఆ తడి దారి వెతుక్కుంటూ పైకి ఎక్కి, టైల్స్ దాటాక బయటపడుతుంది. వెంట ఉప్పు కూడా వస్తుంది. గీత పైన చేయి వేస్తే పిండిలా రాలుతోంది. ఉప్పు గడ్డకట్టేటప్పుడు లోపలి నుంచి ప్లాస్టరును నెట్టేస్తుంది.

ఉత్తర గోడలో 60 × 60 సెం.మీ. చోట టైల్స్, సిమెంటు తీసి మచ్చు వేశాం.

మొదటి మచ్చు: రంగుల షాపులో దొరికే సున్నం సంచి, ఇసుక. ఆరాక గోటితో గీకితే పొడిపొడి. సంచి పాతది, సున్నం అందులోనే గాలి పీల్చి సుద్దగా మారిపోయింది. 300 రూపాయలు పోయాయి.

రెండో మచ్చు: కాల్చిన సున్నపురాయి తెచ్చి డ్రమ్ములో మేమే పోశాం. నీళ్ళలోకి రాయి వేయాలి, కళ్ళద్దాలు తప్పనిసరి, మరుగుతూ చిమ్ముతుంది. మూడు వారాలు నీళ్ళ కింద ముద్దగా ఉంచి, ఒక పాలు సున్నానికి రెండున్నర పాళ్ళు ఇసుక. పట్టింది కానీ వారంలోపే వెంట్రుక చీలికలు. కిటికీ ఎండ నేరుగా తగిలింది, పైగా ఒకే పూతలో రెండు సెంటీమీటర్ల మందం వేశారు.

మూడో మచ్చు, ఇదే నిలబడింది:

1. గోడను ముందు రోజు నుంచే తడిపి ఉంచాలి.
2. పూతకు 8–10 మి.మీ. మించకూడదు. మొదటిది గట్టిపడ్డాకే రెండోది.
3. తడి గోనె సంచులు వేలాడదీయాలి, గోడకు తగలకుండా. రోజుకు రెండుసార్లు తడపాలి.
4. మట్టుపలకతో రుద్ది వదిలేయాలి. సిమెంటులా నునుపు తేవాలని తాపీతో మళ్ళీ మళ్ళీ గీస్తే సున్నం పైకి తేలి పొరలా లేస్తుంది.

వానలు వెలిశాక చూస్తే మచ్చు చోట ప్లాస్టరు పొడిగా ఉంది, కొంచెం ఉప్పు తేలింది, బ్రష్‌తో పోయింది. పక్కన టైల్స్ ఉన్నచోట చెమ్మ గీత అలాగే 1.9 దగ్గర ఉంది. మరీ పెద్ద నమూనా కాదు. గోడ మొత్తం తీస్తే ఎంత ఆరుతుందో ఒక్క చదరం చెప్పలేదు.

ఖర్చు: పాడైన సంచి 300, సున్నపురాయి 400, గోనెలు 100, కళ్ళద్దాలు 150, మేస్త్రీ కూలి 1800. దశ మొత్తం 2750, ఇప్పటిదాకా 3950.

ఇప్పుడు ఎక్కడున్నాం

ప్లాను, రెండు నిలువుకోతలు, ముఖద్వారం బొమ్మ, ఒక్కొక్కటీ 1:50 స్కేలులో ఏ2 కాగితం మీద గీసి ప్రింటు తీశాం, 600. మొత్తం ఖర్చు 4550 రూపాయలు. ఒక సెట్టు గుడి అల్మరాలో, ఒకటి బరంపురం మేత్రాసన కార్యాలయానికి.

ప్లానులో పాత భాగం గోడలు నలుపు నింపి, 1911 భాగం ఏటవాలు గీతలతో చూపించాను. శీర్షికలో ఏడాది ఏమి వేయాలన్న దాని మీద విచారణ సంఘంలో కాస్త వాదన జరిగింది. కొందరికి 1893 వేస్తే గుడి ఇంకా పాతదవుతుందని సంబరం. కానీ 1893 ఆ చిన్న గుడి ఉన్నట్టు దొరికిన ఏడాదే తప్ప కట్టిన ఏడాది కాదు. చివరకు "పీఠభాగం: 1893కి ముందు, జనభాగం, ముఖద్వారం: 1911" అని ఖాయం చేశారు. జూబిలీ ఎప్పుడు చేయాలన్నది మళ్ళీ సంఘం ముందుకే వెళ్ళింది.

మిగిలినవి: ఉత్తర గోడ సిమెంటు వచ్చే వేసవికి ముందే తీయాలి, సున్నపు పనికి చలికాలం అనువు. గంట దూలం కట్టుకొయ్య పుచ్చిందేమో సూదితో గుచ్చి చూడాలి. గాజు ముక్కలు ఇంకో వర్షాకాలం గోడ మీదే ఉంటాయి, రంగు వేసేవాళ్ళకు వాటిని తీయొద్దని తెలుగులోనూ ఒడియాలోనూ రాసి అంటించాం.